మూడు లక్షల కిలోమీటర్ల పెళ్లికారు

కొండమీది మాండెవిల్ ఊళ్లో పెళ్లయిన ఆడపిల్లల్లో సగంమంది డెల్‌రోజ్ పినక్ కుట్టిన గౌనులోనే చర్చి మెట్లెక్కారు. గౌనుకు ఎవరూ వంక పెట్టలేరు. కానీ ఆ గౌను చర్చి దాకా వెళ్లే తీరు చూస్తే మాత్రం ఆమెకు ఒళ్లు మండేది. నెలన్నరపాటు కూర్చుని పూసపూసా కుట్టిన బట్టను ఏ మేనమామో తన డొక్కు వ్యానులో కుక్కి, పక్కన బీరు సీసాల పెట్టెలు పేర్చుకుని తీసుకెళ్లేవాడు. ఒకసారి పెళ్లికూతురు బండి దిగేసరికి గౌను వెనకాల కోడి ఈక అంటుకుని ఉంది. ఆ రోజు డెల్‌రోజ్ చర్చిలో ఒక్క పాటా పాడలేదు.

కారు కొనాలని అప్పుడే అనుకుంది. మామూలు కారు కాదు, పెళ్లికూతురు దిగుతుంటే జనం తలలు తిప్పి చూసే కారు. గౌను కుట్టించుకున్నవాళ్లు కారు కూడా తన దగ్గరే మాట్లాడుకుంటారు. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి పాతది చూసుకోవాలి. పెట్రోలు మాట ఎత్తితేనే గుండె గుభేలుమంటోంది కాబట్టి సగం కరెంటు మీద నడిచే హైబ్రిడ్ అయితే మేలు.

ఇంటి వెనకాలే మెకానిక్ షెడ్డు నడుపుకునే తమ్ముడు బారింగ్టన్ ఈ మాట విని స్పానరు కింద పెట్టేశాడు.

"అక్కా, ఆ కార్లకి వెనక సీటు కింద పెద్ద బ్యాటరీ ఉంటుంది. అది పోయిందంటే నువ్వు ఇంకో కారు కొన్నట్టే. నీకు కావాల్సింది కారా, ముసలి బ్యాటరీని కూర్చోబెట్టి పోషించడమా?"

"నీ పెళ్లాం పెళ్లికి ఏ బండిలో వచ్చిందిరా?"

"ట్రక్కులో. అయితే ఏం? కాపురం బాగానే ఉందిగా."

"కాపురం బాగానే ఉంది. నా గౌనే పాడైంది."

పాతకార్లు అమ్మే యార్డులన్నీ తిరిగింది. జపాన్ నుంచి ఓడల్లో దిగిన కార్లు వరసగా తళతళలాడుతూ నిలబడి ఉన్నాయి. ఒక కారు మీటరు చూస్తే నలభై వేల కిలోమీటర్లే తిరిగినట్టుంది. స్టీరింగు పట్టుకు చూస్తే ఏళ్ల తరబడి అరచేతులు రుద్దుకుని తోలు నున్నగా అరిగిపోయి ఉంది. బట్ట ఎన్ని ఉతుకులు చూసిందో వేళ్లతో తడిమి చెప్పగల మనిషి ఆమె.

"జపాన్‌లో ఒక ముసలావిడ వాడిందండీ. ఆదివారం చర్చికి తప్ప బయటికి తీయలేదు," అన్నాడు అమ్మే కుర్రాడు.

"జపాన్ ముసలావిడ చర్చికి వెళ్లేదా నాయనా?"

ఆ కుర్రాడు ఇంకో కారు చూపిస్తానన్నాడు. ఆమె ఆగలేదు.

చివరికి సూపర్‌మార్కెట్ గోడ మీద చేత్తో రాసి అంటించిన చిన్న కాగితం కనబడింది. 'లగ్జరీ హైబ్రిడ్. మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. ఇంకా తిరుగుతుంది.' కింద ఫోను నెంబరు. అమ్ముకునేవాడు తన వస్తువు లోపాన్ని ముందే రాసుకోవడం ఆమెకు నచ్చింది.

కారుగలాయన పేరు ఆస్టన్ వెడర్‌బర్న్. మాండెవిల్ నుంచి మెలికలు తిరుగుతూ దిగే స్పర్ ట్రీ కొండ దారికి అడుగున ఆయన ఇల్లు. అల్యూమినా కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ చుట్టుపక్కల అందరికీ ఆయన, పెద్దవాళ్లని గౌరవంగా పిలిచే తీరులో, మాస్ ఆస్టన్. ఇస్త్రీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని వరండాలో ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు.

ముత్యం రంగు కారు నీడలో నిలబడి ఉంది. ముందు బంపరు మూల చిన్న సొట్ట తప్ప ఎక్కడా గీత లేదు. లోపల మీగడరంగు తోలు సీట్లు. ఎంత వాడారో తెలుస్తూనే ఉంది, ఎంత శుభ్రంగా వాడారో కూడా తెలుస్తోంది. డెల్‌రోజ్ కూర్చుని బటన్ నొక్కింది. చప్పుడు లేదు. వెంటనే మళ్లీ నొక్కింది.

"నువ్వు మొదటిసారి నొక్కినప్పుడే లేచిందమ్మా. రెండోసారి నొక్కి నిద్రపుచ్చావు," అన్నాడు మాస్ ఆస్టన్ పక్కసీట్లోంచి.

మూడోసారి నొక్కి కాస్త ఆగేసరికి కారు లోపల్నుంచి ఒక ఆడగొంతు తీయగా జపాన్ భాషలో ఏదో చెప్పింది.

"ఏమంటోంది?"

"టోల్ గేటు కార్డు పెట్టమంటోందట. అది జపాన్ రోడ్ల కార్డు. ఎనిమిదేళ్లుగా అడుగుతూనే ఉంది, పాపం. విసుగన్నది లేదు."

కొండెక్కించి చూసింది. నీళ్ల మీద పడవలా పోయింది కారు. గతుకులు రోడ్డు మీద ఉన్నాయి గానీ లోపలికి రాలేదు. దారి పక్కన పళ్లు అమ్ముకునేవాళ్లు, బస్సుల కోసం నిలబడ్డవాళ్లు నవ్వుతూ చేతులెత్తారు. ఎంత మర్యాదస్తులో అనుకుని ఆమె కూడా చెయ్యి ఊపింది. మాస్ ఆస్టన్ మాత్రం సీట్లో కిందికి జారి కూర్చున్నాడు.

బారింగ్టన్ వచ్చి తన మిషను తగిలించి చూశాడు. బ్యాటరీకి యవ్వనం లేదుగానీ ప్రాణం ఉందన్నాడు. "నా మాట నేను చెప్పాను. తర్వాత నన్ననకు," అని కూడా అన్నాడు. బేరం కుదిరింది. తాళం చేతికిస్తూ మాస్ ఆస్టన్ కాసేపు దాన్ని వదల్లేదు.

"శనివారం పొద్దుటిపూట మాత్రం ఈ కొండదారి పట్టకమ్మా."

"ఎందుకండీ?"

"రద్దీ," అన్నాడాయన, ఎటో చూస్తూ.

కారు కొన్న వారమే, శనివారం పొద్దున్న కొండ దిగువనున్న శాంటాక్రూజ్‌లో ఒక పెళ్లికూతురి కొలతలు తీసుకుని డెల్‌రోజ్ అదే దారిన తిరిగొచ్చింది. కొండ అడుగున బత్తాయిల బండి దగ్గర కారాపి, అద్దం దించి బేరమాడుతోంది. ఇంతలో వెనక తలుపు తెరుచుకుంది. ఎర్రమట్టి బూట్లతో ఒకాయన దుంపల బస్తా ముందు తోసి తనూ ఎక్కాడు. అవతలి తలుపులోంచి కోడిని చంకన పెట్టుకుని ఒకావిడ ఎక్కింది. డెల్‌రోజ్ నోరు తెరిచేలోగా ముందు తలుపు తీసుకుని ఒక ముసలావిడ ఉల్లికాడల బుట్టతో సహా పక్కన కూలబడింది.

"ఇన్నాళ్లూ ఏమైపోయావు ఆస్టన్? సంతలో నా చోటు ఎవరో కొట్టేసుంటారు."

డెల్‌రోజ్ కంగారులో కారు ఒకసారి ఆపి మళ్లీ బటన్ నొక్కింది. జపాన్ గొంతు పలికింది.

"గుడ్ మార్నింగ్ తల్లీ," అని దానికి జవాబిచ్చి, అప్పుడు తల తిప్పి చూసింది ముసలావిడ. "నువ్వెవరు పిల్లా? ఆస్టన్ పోయాడా?"

"ఆయన బాగానే ఉన్నారు. ఈ కారు నాకు అమ్మేశారు."

"అమ్మేశాడా," అని ముసలావిడ వెనకవాళ్ల వంక చూసింది. వాళ్లూ ఆమె వంక చూశారు. "మరి మమ్మల్నో?"

డెల్‌రోజ్ వాళ్లని దిగమనలేక కారు కదిలించింది. ఆ ముసలావిడ పేరు మిస్ ఇసిల్డా. కొండెక్కేలోపు డెల్‌రోజ్‌కి పెళ్లయిందా, అయితే మొగుడేడి, సీటు ఇంత ముందుకు జరుపుకుని కూర్చుంటే మోకాళ్లు నొప్పెట్టవా అన్నీ అడిగింది. సంత దగ్గర దిగుతూ బస్తాలోంచి ఒక దుంప తీసి సీటు మీద పెట్టాడు బూట్లాయన. ఇంటికొచ్చాక డెల్‌రోజ్ పాత టూత్‌బ్రష్‌తో మీగడరంగు తోలు మీద ఎర్రమట్టి రుద్దుతూ కూర్చుంటే, బారింగ్టన్ గోడకి ఆనుకుని నవ్వుతూ చూశాడు.

"బ్యాటరీ ఒక్కటే చూశానక్కా. జనాన్ని చూడలేదు."

సోమవారం ఆమె నేరుగా మాస్ ఆస్టన్ వరండా ముందుకే పోయి కారాపింది. కారు చప్పుడు చెయ్యదు కాబట్టి మెట్లెక్కేదాకా ఆయనకు తెలియలేదు. దగ్గరికొచ్చినా ముఖం కాస్త పక్కకు తిప్పి వెతుక్కుంటేగాని ఆమెను పోల్చుకోలేదు.

"కారు అమ్మారు, సరే. లోపల జనం కూడా ఉన్నారని చెప్పలేదేమండీ?"

"చెబితే కొనేదానివా?"

"కొనేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు. కూర్చో అమ్మా."

ఆమె కూర్చోలేదు. ఆయన తనంతట తనే చెప్పుకొచ్చాడు. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి భార్య లర్లీన్ కోసం కొన్న కారు. దీవి చుట్టూ తిప్పి చూపిస్తానని మాటిచ్చాడు. ఒక్క వర్షాకాలం తిరిగారో లేదో ఆవిడ పోయింది. తర్వాత ఇంట్లో ఉండలేక ఊరికే కొండెక్కి దిగుతుండేవాడు. ఒకరోజు వానలో మిస్ ఇసిల్డా చెయ్యెత్తింది. మర్నాడు ఇంకొకరు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

"ఆ మీటరు మీదున్న దాంట్లో నేనొక్కణ్ణే తిరిగింది చాలా తక్కువమ్మా. మిగతాదంతా వాళ్ల మాటలే."

"అంత ఇష్టమైతే ఎందుకమ్మారు?"

మాస్ ఆస్టన్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "నీటికాసులు. చూపు పక్కల్నుంచి మూసుకుపోతోంది. మొన్నామధ్య ఇసిల్డా రోడ్డు పక్కన నిలబడే ఉంది, నాకు కనబడలేదు. బుట్ట తగిలాక ఆపాను. నన్ను నాలుగు తిట్టి, ఎక్కి కూర్చుని దారిపొడుగునా మామూలుగానే మాట్లాడింది. నేను మాత్రం రోడ్డంచే చూస్తూ నడిపాను. ఇంటికొచ్చి తాళం మేకుకి తగిలించాను. కళ్ల సంగతి వాళ్లకి చెప్పుకోలేకపోయాను."

మాస్ ఆస్టన్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత ఆయన కాస్త ముందుకు వంగాడు.

"శనివారం ఎక్కే ఉంటారుగా. ఏం మాట్లాడుకున్నారు? ఎర్రమట్టి బూట్లతో వస్తాడే ఎగ్‌బర్ట్, వాళ్ల కోడలు నీళ్లాడిందా?"

దెబ్బలాటకు సిద్ధమై వచ్చిన మనిషి అప్పుడు కూర్చుంది. "ఆడపిల్లట," అంది చివరికి. ఆయన ముఖం విప్పారింది.

అయినా వ్యాపారం వ్యాపారమే. "ఇది బస్సు కాదు మాస్ ఆస్టన్. తెల్లటి బట్టలు ఎక్కాల్సిన కారు," అంది. ఆయన నిజమేనన్నాడు. అది మొదలు ఆ దారిన వెళ్లినప్పుడల్లా డెల్‌రోజ్ అద్దాలెత్తుకుని, చూపు రోడ్డు మీదే నిలిపి నడిపేది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోవడం అద్దంలో కనబడేది. దాంతో అద్దంలోకి చూడడం కూడా తగ్గించుకుంది.

మొదటి పెళ్లి బేరం కొండ అడుగున ఉన్న గటర్స్ ఊరి నుంచి వచ్చింది. పెళ్లికూతురు షానలీ స్కూల్ టీచరు, నవ్వితే ఆగని పిల్ల. పెళ్లి కొండమీద మాండెవిల్ చర్చిలో. ఆ గౌనులో డెల్‌రోజ్ తన పనితనమంతా పోసింది. వలగుడ్డ పొరమీద పొర వేసి కుచ్చెళ్లు పెట్టింది. పిల్ల నిలబడితే గది నిండిపోయేది. పొద్దున్నే వెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టి, ఎక్కడా నలగకుండా కుచ్చెళ్లన్నీ సీటుకి అటూ ఇటూ, కింద దాకా తన చేతులతోనే సర్ది దోపింది. తండ్రీ బంధువులూ ముందే వ్యానుల్లో వెళ్లిపోయారు.

కొండ మొదట్లో మలుపు దగ్గర మిస్ ఇసిల్డా బుట్ట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. మబ్బు పట్టింది, చినుకులు మొదలయ్యాయి. ఆమె చెయ్యి ఎత్తలేదు. ఎత్తినా లాభం లేదని తెలిసినట్టు ఊరికే చూస్తోంది. డెల్‌రోజ్ దాటిపోయేదే.

"ఆపండి ఆంటీ," అంది షానలీ.

"పెళ్లికారమ్మా ఇది."

"పెళ్లి నాదేగా. పెళ్లిరోజు ముసలామెని వానలో వదిలేసి పోతే ఆ తడి నా నెత్తిమీదే ఉంటుంది. ముందు సీటు ఖాళీగానే ఉంది."

మిస్ ఇసిల్డా ఎక్కింది. జపాన్ గొంతు ఈసారి మాట్లాడకపోయినా గుడ్ మార్నింగ్ చెప్పింది. డెల్‌రోజ్‌తో మాత్రం మాట్లాడలేదు. కారంతా పచ్చి ఉల్లికాడల వాసన.

కొండ సగం ఎక్కేసరికి కారు బలం తగ్గడం డెల్‌రోజ్ కాలికి తెలిసింది. ఎంత తొక్కినా బరువుగా ఈడుస్తోంది. ముందు అద్దం కింద ఎర్రటి త్రికోణం వెలిగి, జపాన్ అక్షరాలు వరసకట్టాయి. వెనక లారీలు హారన్లు మోగించాయి. ఎలాగో రోడ్డు పక్కకు తెచ్చి ఆపింది. బారింగ్టన్‌కి ఫోను చేసింది.

"బ్యాటరీయే అయ్యుంటుంది," అన్నాడు వాడు. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. చెయ్యకపోవడం ఆమెను ఇంకా భయపెట్టింది. "కదలకండి. ట్రక్కు తీసుకుని వస్తున్నా."

ట్రక్కు. డెల్‌రోజ్ స్టీరింగు మీద నుదురానించింది. ఏళ్లుగా వద్దనుకున్న ట్రక్కులోనే తన గౌను చర్చికి పోబోతోంది. ఏడుపు ఆగలేదు. వెనకనుంచి షానలీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ట్రక్కయితే ఏం ఆంటీ, పెళ్లికొడుకు ఎటూ పారిపోడు. నేను చూసుకుంటాగా."

ఆ మాటకి మిస్ ఇసిల్డా నవ్వి వెనక్కి తిరిగి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"నువ్వు ఆ మూల అలా కప్పేశావేంటమ్మా? ఆస్టన్ చూస్తే గౌనుతో సహా దింపేసేవాడు."

"ఏ మూల?" అంది డెల్‌రోజ్ తల ఎత్తి.

"సీటు పక్కన జల్లెడలాంటిది ఉంటుందే, అక్కడ. అది కారు ముక్కట. ఎన్నేళ్లు తిట్లు తిన్నాను దానికోసం. బుట్ట అటు పెట్టకు ఇసిల్డా, బస్తా జరుపు ఎగ్‌బర్ట్, కారుకి ఊపిరాడదు అని ఒకటే గోల. ముక్కు ఎక్కడైనా వెనక ఉంటుందా అని మేం నవ్వుకునేవాళ్లం."

డెల్‌రోజ్ ఒక్క ఉదుటున దిగి వెనక తలుపు తీసింది. తను అంత శ్రద్ధగా దోపిన కుచ్చెళ్లు పైకి లాగింది. సీటు పక్కన అరచేయంత జాలీ. చెయ్యి పెడితే సెగ తగిలింది. లోపల ఫ్యాను రొప్పుతోంది. బ్యాటరీకి చల్లగాలి పీల్చుకునే దారి అదే. కొండ ఎక్కుతూ వేడెక్కిన బ్యాటరీ నోరూ ముక్కూ తన చేతులతోనే మూసేసింది.

బారింగ్టన్‌కి మళ్లీ ఫోను చేసి సంగతి చెప్పింది. "కట్టేసి చల్లారనివ్వు. తలుపులన్నీ తెరువు. తర్వాత ఏసీ పూర్తిగా పెట్టి చూడు," అన్నాడు. షానలీ గౌను మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని రోడ్డు పక్క చెట్టు కింద నిలబడింది. పోయే లారీలవాళ్లు హారన్ కొట్టి దీవెనలు అరిచారు. మిస్ ఇసిల్డా తన తలగుడ్డ తీసి జాలీ ముందు విసురుతూ కూర్చుంది, చంటిపిల్లకి విసిరినట్టు.

తిరిగి బటన్ నొక్కినప్పుడు ఎర్ర త్రికోణం లేదు. జపాన్ గొంతు కార్డు అడిగింది. ముగ్గురూ ఒకేసారి గుడ్ మార్నింగ్ అన్నారు.

కుచ్చెళ్లన్నీ ఒళ్లోకి తీసుకుని, మేఘం వెనక ముఖంలా కూర్చుంది షానలీ. చర్చి ముందు దిగేసరికి గౌను నలిగింది. ఎంత నలిగిందో డెల్‌రోజ్‌కే తెలుసు. జనం మాత్రం తలలు తిప్పి చూశారు. మిస్ ఇసిల్డా సంతకు పోనేలేదు. పెళ్లి విందుకి మేక తలకాయ పులుసు మరుగుతున్న చోటికి వెళ్లి, ఉల్లికాడల బుట్ట మొత్తం అక్కడే బోర్లించి, గరిటె పట్టుకున్నవాడిని పక్కకు జరగమంది.

సాయంత్రం డెల్‌రోజ్ మాస్ ఆస్టన్‌కి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది.

"ఆ ముక్కు సంగతి చెప్పలేదేమండీ?"

"అయ్యో. ఎప్పుడూ వాళ్లకే చెప్పి చెప్పి, అందరికీ తెలుసనుకున్నానమ్మా." కొంచెం ఆగి, "పిల్ల చర్చికి చేరిందిగా?" అన్నాడు.

"చేరింది. మీ వాళ్లే చేర్చారు."

ఆ తర్వాత ఆమె కొత్త ప్లాస్టిక్ షీట్లు కొలిచి కత్తిరించి, సీట్లకి సరిగ్గా అతికేట్టు తొడుగులు కుట్టింది. జాలీ ఉన్న చోట కిటికీలా తెరిచి ఉంచింది. పెళ్లిళ్లు లేని శనివారాల్లో తొడుగులు వేసుకుని పొద్దున్నే కొండ దిగేది. శాంటాక్రూజ్‌లో పనుందని బారింగ్టన్‌తో చెప్పేది. ఏం పని అని వాడు అడగలేదు.

మొదటి శనివారమే వరండా ముందు ఆగి, మెట్ల దాకా వెళ్లి మాస్ ఆస్టన్ చెయ్యి పట్టుకుంది. "ముందు సీటు ఇసిల్డాది. మీరు వెనక కూర్చోవాలి," అంది.

ఆయన తలుపు అంచు తడుముకుని, తలవంచి ఎక్కి, మెల్లగా వెనక్కి వాలాడు. బత్తాయిల బండి దగ్గర మామూలు జనం కూడా ఎక్కారు. పక్కన ఎగ్‌బర్ట్ మనవరాలి ముచ్చట్లు చెబుతున్నాడు, ముందు నుంచి మిస్ ఇసిల్డా కళ్ల సంగతి దాచినందుకు తిడుతోంది. గతుకుల మీద కారు మెత్తగా ఊగింది.

"ఎనిమిదేళ్లలో ఈ సీట్లో ఒక్కసారీ కూర్చోలేదు," అన్నాడు మాస్ ఆస్టన్. "దిగమంటే వీళ్లంతా అంత నెమ్మదిగా ఎందుకు దిగేవాళ్లో ఇప్పుడు తెలుస్తోంది."

"కాలు జరుపు ఆస్టన్," అంది మిస్ ఇసిల్డా, "కారుకి ఊపిరాడటం లేదు."